తెరచాప పడవ పందెం.. నియమం తెలిస్తేనే విజయం

హైదరాబాద్: వానాకాలం ఆరంభమై నైరుతి గాలులు బలంగా వీచే వేళ హుస్సేన్‌సాగర్ జలాలపై తెల్లని తెరచాపలు బారులు తీరుతాయి. ఏటా సాధారణంగా జులైలో జరిగే హైదరాబాద్ సెయిలింగ్ వీక్, మాన్‌సూన్ రెగట్టా వంటి పోటీలను తిలకించేందుకు ట్యాంక్‌బండ్, సంజీవయ్య పార్కు పరిసరాలకు వచ్చే వారికి ఒక సంగతి అంతుపట్టదు. అందరికంటే ముందుగా గమ్యం చేరిన పడవకు ఒక్కోసారి హారన్ మోగదు. ఫలితాల పట్టికలో ఆ పడవ అట్టడుగున కనిపిస్తుంది. వేగంలో లోపం లేదు, నైపుణ్యంలో లోపం లేదు. ఆరంభ సంకేతానికి ఒక్క క్షణం ముందు గీత దాటడమే అందుకు కారణం. కష్టపడి సాధన చేసిన బాలుడు నిబంధన తెలియక పతకాన్ని చేజార్చుకుంటే ఆ బాధ ఒక్క రోజుతో తీరేది కాదు.

ఒకప్పుడు సైనికాధికారులకు, సంపన్న కుటుంబాలకు మాత్రమే పరిచయమైన ఈ క్రీడలోకి నేడు పేద కుటుంబాల పిల్లలు, గురుకుల విద్యార్థులు సైతం అడుగుపెడుతున్నారు. హుస్సేన్‌సాగర్‌లో ఓనమాలు దిద్దుకొన్న ప్రీతి కొంగర 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో భారత్ తరఫున 470 తరగతిలో పాల్గొన్నారు. అవే క్రీడల్లో మధ్యప్రదేశ్‌కు చెందిన రైతు బిడ్డ నేహా ఠాకూర్ బాలికల ఐఎల్‌సీఏ 4 తరగతిలో రజత పతకం, విష్ణు శరవణన్ పురుషుల ఐఎల్‌సీఏ 7 తరగతిలో కాంస్య పతకం సాధించిన విషయం విదితమే. అయితే పందెం నిబంధనల పుస్తకం ఆంగ్లంలోనే ఉండటంతో తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు, వారి తల్లిదండ్రులు అందులోని మర్మం తెలియక తికమకపడుతున్నారు. ఈ నేపథ్యంలో క్లబ్బుల్లో జరిగే డింగీ పందేల తీరుతెన్నులు, నియమ నిబంధనలపై సమగ్ర కథనం..

డింగీ అంటే..

ఒకరు లేదా ఇద్దరు నడిపే చిన్న తెరచాప పడవనే డింగీ అంటారు. దీనికి ఇంజిను ఉండదు. గాలే ఇంధనం. తెరచాప, దానిని నిలబెట్టే కొయ్య, దిశ మార్చే చుక్కాని, పడవ పక్కకు జారిపోకుండా నీటిలోకి దించే పలక.. ఇవే దీని ప్రధాన భాగాలు.

పిల్లలు తొలుత నేర్చుకునేది ఆప్టిమిస్ట్ పడవ. దీనిని 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ రూపొందించారు. పొడవు 2.36 మీటర్లు మాత్రమే. పదిహేనేళ్లు నిండే సంవత్సరం చివరి వరకు ఈ తరగతిలో పోటీ పడవచ్చు. అనంతరం ఎక్కువ మంది ఎంచుకునేది కెనడాకు చెందిన బ్రూస్ కిర్బీ రూపకల్పన చేసిన లేజర్ పడవ. నేడు దీనినే ఐఎల్‌సీఏ అని వ్యవహరిస్తున్నారు. 4.23 మీటర్ల పొడవున్న ఒకే పడవకు వయసు, బరువును బట్టి మూడు రకాల తెరచాపలు అమర్చుతారు. వీటినే ఐఎల్‌సీఏ 4, 6, 7 అంటారు. ఇది 1996 అట్లాంటా ఒలింపిక్స్ నుంచి, మహిళల విభాగంలో 2008 బీజింగ్ ఒలింపిక్స్ నుంచి కొనసాగుతోంది. ఇద్దరు కలిసి నడిపేవి 420, 470, 29ఈఆర్ వంటివి.

నిబంధనలు ఎవరివి?

ప్రపంచవ్యాప్తంగా తెరచాప పడవల పందేలకు వరల్డ్ సెయిలింగ్ అనే అంతర్జాతీయ సంస్థ నిబంధనలు రూపొందిస్తుంది. ఒలింపిక్స్ ముగిసిన తరువాత నాలుగేళ్లకొకసారి వీటిని సవరిస్తారు. ప్రస్తుతం 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన 2025-2028 నిబంధనావళి వర్తిస్తుంది. మన దేశంలో ఈ క్రీడకు యాచింగ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా జాతీయ సంస్థ. హుస్సేన్‌సాగర్‌పై సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్, ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్, 2009లో ఆరంభమైన యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ ఈ క్రీడకు ఆలవాలంగా నిలిచాయి.

మూల నిబంధనావళికి తోడు ప్రతి పోటీకి నిర్వాహకులు రెండు పత్రాలు విడుదల చేస్తారు. మొదటిది పోటీ ప్రకటన. ఎవరు అర్హులు, రుసుము ఎంత, ఎప్పుడు, ఎక్కడ అనే వివరాలు అందులో ఉంటాయి. రెండోది సెయిలింగ్ ఇన్‌స్ట్రక్షన్స్ అనే సూచనల పత్రం. ఆ రోజు పడవలు చుట్టాల్సిన గుర్తులు, వాటి క్రమం, కాలపరిమితి, ఫిర్యాదుకు గడువు తదితరాలు ఇందులో పొందుపరుస్తారు. మూల నిబంధనల్లో కొన్నింటిని ఈ పత్రం ద్వారా మార్చుకునే వెసులుబాటు క్లబ్బులకు ఉంది. కనుక పాత అనుభవాన్ని నమ్ముకొని ఈ పత్రం చదవకుండా నీటిలోకి దిగడం ఎంతమాత్రం మంచిది కాదు. ఆఖరి నిమిషం మార్పులను ఒడ్డున అధికారిక నోటీసు బోర్డుపై ఉంచుతారు. ఒడ్డున పసుపు, నలుపు గళ్ల 'ఎల్' జెండా ఎగిరితే కొత్త నోటీసు పెట్టారని అర్థం.

మైదానం ఎలా ఉంటుంది?

ఈ పందేనికి స్థిరమైన మైదానం ఉండదు. గాలి వీచే దిశను బట్టి ఏ రోజుకారోజు నీటిపై గుర్తులు పెడతారు. గాలి నింపిన పెద్ద బుడగల వంటి ఈ గుర్తులనే మార్క్‌లు అంటారు. లంగరు వేసి వీటిని నిలుపుతారు. ఆరంభ గీత గాలికి అడ్డంగా ఉంటుంది. దీనికి ఒక కొసన అధికారుల పడవపై నారింజ రంగు జెండా కట్టిన కర్ర, మరో కొసన ఒక మార్క్ ఉంటాయి. ఈ రెండింటి నడుమ కంటికి కనిపించని ఊహా రేఖే ఆరంభ గీత. పాల్గొనే పడవలన్నింటి పొడవును కూడి, దానికి కొంచెం ఎక్కువగా గీతను వేయడం ఆనవాయితీ. 20 ఐఎల్‌సీఏ పడవలుంటే వాటి మొత్తం పొడవు సుమారు 85 మీటర్లు. కాబట్టి గీత వంద మీటర్లకు పైగానే ఉంటుంది.

తెరచాప పడవ ఎదురుగాలికి నేరుగా వెళ్లలేదు. అందుకే గాలికి ఏటవాలుగా ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు వంకర టింకరగా సాగుతూ ఎగువ మార్క్‌ను చేరాలి. ఇలా ముక్కును గాలి మీదుగా తిప్పి దిశ మార్చడాన్ని ట్యాకింగ్ అంటారు. మార్క్ చుట్టిన తరువాత వాలుగాలిలో కిందకు దిగుతారు. అక్కడ వెనుక భాగాన్ని గాలి మీదుగా తిప్పడం జైబింగ్. క్లబ్ పందేల్లో త్రికోణాకార మార్గం లేదా ఎగువ, దిగువ మార్క్‌ల మధ్య రెండు మూడు చుట్లు వేసే మార్గం సర్వసాధారణం.

ఆ అయిదు నిమిషాలే కీలకం

పందెం ఆరంభానికి అయిదు నిమిషాల ముందు నుంచి జెండాలతో సంకేతాలు మొదలవుతాయి. ప్రతి జెండాతో పాటు హారన్ మోగుతుంది. అయితే కాలాన్ని లెక్కించాల్సింది జెండా కదలికను బట్టే. హారన్ మోగకపోయినా, ఆలస్యంగా మోగినా అభ్యంతరం చెప్పడానికి వీల్లేదు.

* 5 నిమిషాలు: ఆ తరగతికి చెందిన జెండా ఎగురుతుంది. ఇది హెచ్చరిక సంకేతం. ఒక హారన్.
* 4 నిమిషాలు: నీలి రంగు మధ్యలో తెల్ల చదరం ఉన్న 'పి' జెండా లేదా దాని బదులు మరో సన్నాహక జెండా ఎగురుతుంది. ఒక హారన్. ఈ క్షణం నుంచి పడవ పందెంలో ఉన్నట్లే లెక్క.
* 1 నిమిషం: సన్నాహక జెండా దిగుతుంది. ఒక దీర్ఘ హారన్.
* ఆరంభం: తరగతి జెండా దిగుతుంది. ఒక హారన్. పందెం మొదలు.

గీతకు ఇవతల ఆగకుండా తిరుగుతూ, సరిగ్గా జెండా దిగే క్షణానికి పూర్తి వేగంతో గీతపై ఉండటమే నేర్పు. ఆలస్యమైతే ముందున్న పడవల తెరచాపలు చెదరగొట్టిన గాలి మాత్రమే దక్కుతుంది. తొందరపడితే దోషం. పడవ ముక్కు కొన మాత్రమే దాటినా దాటినట్లే. 2021 నిబంధనల నుంచి ఆరంభంలోనూ, గమ్యంలోనూ పడవ దేహాన్నే పరిగణిస్తున్నారు. తెరచాప గానీ, క్రీడాకారుడి శరీరం గానీ లెక్కలోకి రాదు.

ముందుగా దాటితే..

ఒకటి రెండు పడవలు ముందుగా దాటితే తెలుపుపై నీలి శిలువ గుర్తున్న 'ఎక్స్' జెండా ఎగరేసి ఒక హారన్ మోగిస్తారు. దాటిన పడవ పూర్తిగా గీత ఇవతలికి వచ్చి తిరిగి ఆరంభించాలి. అలా వెనక్కి వచ్చేటప్పుడు మిగిలిన పడవలకు అడ్డు తగలరాదు. దాటిన వారందరూ వెనక్కి వచ్చే వరకు, లేకుంటే గరిష్ఠంగా నాలుగు నిమిషాల పాటు ఆ జెండా ఉంటుంది. ఫలానా పడవ అని పేరు పిలిచి చెప్పాల్సిన బాధ్యత అధికారులపై లేదు. తాను దాటిందీ లేనిదీ క్రీడాకారుడే గ్రహించుకోవాలి. వెనక్కి రాకుండా పందెం పూర్తి చేసిన పడవకు ఫలితాల్లో 'ఓసీఎస్' అని నమోదవుతుంది. తొలుత చెప్పుకొన్న 'హారన్ మోగని విజేత' కథ ఇదే.

చాలా పడవలు దాటి ఎవరెవరో గుర్తించలేని పరిస్థితిలో నీలి అంచు గల పసుపు త్రికోణ జెండా ఎగరేసి రెండు హారన్‌లు మోగిస్తారు. ఇది అందరినీ వెనక్కి పిలిచే సంకేతం. పదేపదే ఇలాగే జరిగితే అధికారులు 'పి' జెండాకు బదులు కఠినమైన జెండాలు వాడతారు. పసుపుపై నల్లని వృత్తం ఉన్న 'ఐ' జెండా ఉంటే చివరి నిమిషంలో గీత దాటినవారు గీత కొసను చుట్టి రావాలి. ఎరుపు, తెలుపు గళ్ల 'యు' జెండా ఉంటే, చివరి నిమిషంలో గీత రెండు కొసలు, మొదటి మార్క్ కలిపి ఏర్పడే త్రికోణంలో కనిపించిన పడవపై విచారణ లేకుండానే అనర్హత వేటు పడుతుంది. అయితే ఆ పందెం మళ్లీ మొదలైతే పాల్గొనవచ్చు. నల్ల జెండా ఉంటే ఆ అవకాశం కూడా ఉండదు. నల్ల జెండా చూసిన క్షణం నుంచి గీతకు దూరం పాటించడమే శ్రేయస్కరమని శిక్షకులు పిల్లలకు బోధిస్తారు.

ఎవరు ఎవరికి దారివ్వాలి?

రోడ్డుపై ఎడమవైపు నడవాలన్న నియమం ఉన్నట్లే నీటిపైనా దారి నియమాలున్నాయి. వీటికి ఆధారం గాలి. గాలి పడవ కుడివైపు నుంచి తాకుతుంటే ఆ పడవ స్టార్‌బోర్డ్ ట్యాక్‌పై ఉన్నట్లు, ఎడమవైపు నుంచి తాకుతుంటే పోర్ట్ ట్యాక్‌పై ఉన్నట్లు లెక్క. ఇది గుర్తుంచుకుంటే మిగిలినవి సులువు.

ఒకటి: రెండు పడవలు వేర్వేరు ట్యాక్‌లపై ఉంటే పోర్ట్ పడవ స్టార్‌బోర్డ్ పడవకు దారివ్వాలి. పందెంలో తరచుగా వినిపించే 'స్టార్‌బోర్డ్' అన్న కేక ఇందుకోసమే.

రెండు: రెండూ ఒకే ట్యాక్‌పై పక్కపక్కన సాగుతుంటే గాలికి ఎగువనున్న పడవ దిగువనున్న పడవకు దారివ్వాలి. ఎగువ పడవకు గాలి ముందుగా అందుతుంది కనుక బాధ్యత కూడా దానిదే.

మూడు: ఒకే ట్యాక్‌పై ఒకదాని వెనుక ఒకటి వెళుతుంటే వెనుకది ముందుదానికి దారివ్వాలి.

నాలుగు: ముక్కును గాలి దాటించి దిశ మారుస్తున్న పడవ, మలుపు పూర్తయ్యే వరకు మిగతా పడవలకు దూరంగా ఉండాలి.

హక్కు ఉన్న పడవకూ బాధ్యతలున్నాయి. ఉన్నట్టుండి దిశ మార్చి ఎదుటి పడవకు తప్పుకొనే వ్యవధి ఇవ్వకపోవడం తప్పు. అన్నింటికీ మించి, వీలున్నంత వరకు ఢీకొనకుండా చూడటం ప్రతి పడవ విధి. హక్కు నాదే కదా అని ఢీకొట్టి నష్టం కలిగిస్తే హక్కున్న పడవకూ శిక్ష పడవచ్చు. బోల్తా పడిన పడవ కనిపిస్తే వీలైనంత మేర దానిని తప్పించి వెళ్లాలి.

మార్క్ వద్దే చిక్కులు

వివాదాలు ఎక్కువగా తలెత్తేది మార్క్‌ల వద్దే. అన్ని పడవలూ ఒకే చోట గుమిగూడటం అందుకు కారణం. మార్క్ చుట్టూ మూడు పడవల పొడవు మేర ఉండే వలయాన్ని జోన్ అంటారు. ఐఎల్‌సీఏ పడవలకు ఇది సుమారు 12.7 మీటర్లు, ఆప్టిమిస్ట్‌కు సుమారు 7 మీటర్లు. మొదటి పడవ జోన్‌లోకి ప్రవేశించే క్షణంలో రెండు పడవలు పక్కపక్కన ఉంటే, బయటివైపు ఉన్న పడవ లోపలివైపు పడవకు మార్క్ చుట్టేందుకు చోటివ్వాలి. అప్పటికే ఒక పడవ పూర్తిగా ముందుంటే, వెనుక పడవ ఆ తరువాత లోపలికి దూరి చోటు అడగడం చెల్లదు. ఎదురుగాలిలో వేర్వేరు ట్యాక్‌లపై వచ్చే పడవలకు ఈ నియమం వర్తించదు. అక్కడ ముందు చెప్పిన పోర్ట్, స్టార్‌బోర్డ్ నియమమే వర్తిస్తుంది. ఆరంభ గీత కొసనున్న మార్క్ వద్ద కూడా లోపలి పడవ చోటు అడగడానికి వీల్లేదు. అధికారుల పడవకు, ఇతర పడవలకు నడుమ దూరిపోయి ఇరుక్కొనే పిల్లలు ఈ విషయాన్ని గమనించాలి.

హుస్సేన్‌సాగర్ వంటి చెరువులో మరో సమస్య ఉంది. గట్టు దగ్గర. సాగర్ నడుమ జిబ్రాల్టర్ రాక్‌పై బుద్ధ విగ్రహం కొలువై ఉంది. ఎదురుగాలిలో గట్టు వైపు దూసుకెళ్తున్న పడవకు తిరగక తప్పదు. పక్కనే మరో పడవ ఉంటే తిరిగే చోటుండదు. అప్పుడు 'రూమ్ టు ట్యాక్' అని బిగ్గరగా అరవాలి. విన్న పడవ వెంటనే తానే తిరగాలి లేదా 'యూ ట్యాక్' అని బదులిచ్చి దారివ్వాలి. ఈ అరుపు విన్న తరువాత వాదనకు తావు లేదు. అరిచింది తప్పని తోస్తే దారిచ్చిన పిమ్మట ఫిర్యాదు చేయాలి. అవసరం లేకుండా అరవడమూ నేరమే.

తప్పు చేస్తే ప్రాయశ్చిత్తం

ఈ క్రీడకు ఒక విశిష్టత ఉంది. ఫుట్‌బాల్‌లో మాదిరి ప్రతి క్షణం వెంట ఉండి ఈల ఊదే రిఫరీ సాధారణ క్లబ్ పందెంలో ఉండరు. నిబంధన ఉల్లంఘించినట్లు తెలిసిన క్రీడాకారుడు తనకు తానే శిక్ష విధించుకోవాలి. దారి నియమం తప్పితే వెంటనే మిగతా పడవలకు దూరంగా తొలగి, ఒకే దిశలో రెండు పూర్తి చుట్లు తిరగాలి. ప్రతి చుట్టులో ఒక ట్యాక్, ఒక జైబ్ ఉండాలి. మార్క్‌ను తాకితే ఒక్క చుట్టు చాలు. తప్పు వల్ల ఎదుటివారికి గాయమైనా, పడవకు తీవ్ర నష్టం వాటిల్లినా, తనకు గణనీయమైన లాభం చేకూరినా పందెం నుంచి వైదొలగాలి.

గాలితో పని లేకుండా శరీర బలంతో పడవను నడపడం కూడా నిషిద్ధం. తెరచాపను విసనకర్రలా పదేపదే ఊపడం, పడవను అటూ ఇటూ ఊగించడం, ముందుకు కుదుపులివ్వడం, చుక్కానితో తెడ్డు వేసినట్లు నీటిని తోయడం ఈ కోవలోకి వస్తాయి. పెద్ద పోటీల్లో న్యాయనిర్ణేతలు పడవలో వెంబడించి, తప్పు చేసిన వారికి పసుపు జెండా చూపుతారు. మొదటిసారికి రెండు చుట్లు, రెండోసారికి పందెం నుంచి నిష్క్రమణ.

తల్లిదండ్రులు గమనించాల్సిన అంశం మరొకటుంది. పందెం సాగుతుండగా ఒడ్డు నుంచి గానీ, పడవలో వెంబడిస్తూ గానీ 'ఇటు తిప్పు, అటు పో' అంటూ సలహాలివ్వడం బయటి సాయం కిందకు వస్తుంది. ప్రేమతో వేసిన కేక పిల్లవాడి అనర్హతకు దారితీయవచ్చు.

ఫిర్యాదు చేసేదెలా?

ఎదుటి పడవ తప్పు చేసి శిక్షా చుట్లు తిరగకపోతే ఫిర్యాదు చేయవచ్చు. సంఘటన జరిగిన వెంటనే, వీలైన తొలి క్షణంలోనే 'ప్రొటెస్ట్' అని ఎదుటివారికి వినపడేలా అరవాలి. వేరే మాట పనికిరాదు. ఆరు మీటర్లు, అంతకు మించిన పడవలైతే ఎర్రజెండా కూడా కట్టాలి. డింగీలకు ఆ అవసరం లేదు. ఒడ్డుకు చేరిన తరువాత గడువులోగా రాతపూర్వకంగా ఫిర్యాదు అందజేయాలి. సూచనల పత్రంలో వేరే గడువు లేకుంటే చివరి పడవ గమ్యం చేరిన రెండు గంటల్లోగా ఇవ్వాలి. అరవడం మరచినా, గడువు దాటినా ఎంత న్యాయమైన ఫిర్యాదైనా సాధారణంగా విచారణకు నోచుకోదు.

విచారణకు ఇరుపక్షాలూ హాజరు కావచ్చు. ఇరువురూ తమ వాదన వినిపిస్తారు. ఒకరినొకరు ప్రశ్నించుకోవచ్చు. సాక్షులను పిలవవచ్చు. బొమ్మ పడవలను బల్లపై పేర్చి గాలి దిశ, దూరాలు వివరించే పద్ధతి ఉంది. అనంతరం కమిటీ జరిగిన వాస్తవాలేమిటో నిర్ధారించి, వర్తించే నిబంధన చూసి తీర్పు చెబుతుంది. ఒక పక్షానికి బంధువైనా, ఫలితంతో సంబంధమున్నా ఆ సభ్యుడు విచారణలో కూర్చోరాదు. చిన్న క్లబ్బుల్లో అందరూ ఎరిగినవారే కావడంతో ఈ నియమాన్ని మరింత జాగ్రత్తగా పాటించాల్సి ఉంటుంది. ఆంగ్లంలో మాట్లాడలేక నోరు మెదపని పిల్లవాడు గెలవాల్సిన వివాదంలో ఓడిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి సంఘటన జరిగిన క్రమాన్ని బొమ్మ గీసి చెప్పడం, 'ఎవరు ఏ ట్యాక్‌పై ఉన్నారు, ఎంత దూరంలో ఉన్నారు' అన్న రెండు ప్రశ్నలకు సూటిగా జవాబివ్వడం సాధనలో భాగంగానే నేర్పాలి.

పాయింట్ల లెక్క

ఇక్కడ తక్కువ పాయింట్లు వచ్చినవారే విజేత. మొదటి స్థానానికి 1, రెండో స్థానానికి 2.. ఇలా లెక్కిస్తారు. గీత ముందు దాటినా, అనర్హత వేటు పడినా, మధ్యలో విరమించినా పోటీలో నమోదైన పడవల సంఖ్యకు ఒకటి కలిపి పాయింట్లు వేస్తారు. ఒక పడవ అనర్హమైతే దాని వెనుక చేరినవారు ఒక్కో స్థానం ముందుకు జరుగుతారు. సూచనల పత్రం వేరుగా చెప్పకపోతే ప్రతి ఒక్కరి పందేల్లో అతి చెడ్డ ఫలితం ఒకదానిని తీసేస్తారు.

ఉదాహరణకు 20 పడవలు, ఆరు పందేల పోటీ అనుకుందాం. ఒక బాలికకు వరుసగా 2, 5, 1, 21, 3, 4 వచ్చాయి. నాలుగో పందెంలో అనర్హత కారణంగా 21 పడింది. దానిని తీసేస్తే మొత్తం 15. మరో బాలుడికి 3, 3, 4, 3, 2, 5. చెడ్డదైన 5 తీసేస్తే అతడికీ 15. సమానమైనప్పుడు లెక్కలో మిగిలిన ఫలితాలను మంచి నుంచి చెడుకు పేర్చి పోలుస్తారు. బాలికకు ఒక ప్రథమ స్థానం ఉంది కనుక ఆమే విజేత. అదే బాలిక ఆఖరి పందెంలో మరోసారి అనర్హురాలై ఉంటే ఒక 21 మాత్రమే పోతుంది, రెండోది నిలుస్తుంది. మొత్తం 32 అవుతుంది. రెండు చుట్లు తిరిగి మూడు నాలుగు స్థానాలు కోల్పోయినా నష్టం స్వల్పమే. మొండికేసి అనర్హత కొనితెచ్చుకుంటే పోటీ అంతా పోయినట్లే.

వేర్వేరు రకాల పడవలు కలిసి పాల్గొనే క్లబ్ పందేల్లో కాలాన్ని సవరిస్తారు. ఇంగ్లండ్‌లో పుట్టిన పోర్ట్స్‌మత్ పద్ధతి ప్రకారం ప్రతి రకం పడవకు ఒక సంఖ్య ఉంటుంది. నెమ్మదైన పడవకు పెద్ద సంఖ్య. పట్టిన సమయాన్ని వెయ్యితో గుణించి ఆ సంఖ్యతో భాగిస్తే సవరించిన సమయం వస్తుంది. 1100 సంఖ్య గల పడవకు 44 నిమిషాలు పడితే సవరించిన సమయం 40 నిమిషాలు. 1200 సంఖ్య గల పడవకు 47 నిమిషాలు పడితే 39 నిమిషాల 10 సెకన్లు. మూడు నిమిషాలు వెనుక వచ్చినా రెండోదే గెలిచినట్లు.

ప్రాణం ముందు.. పతకం తరువాత

నిబంధనావళిలో మొట్టమొదటి నియమం వేగం గురించి కాదు, రక్షణ గురించి. ప్రమాదంలో ఉన్న మనిషికి చేతనైనంత సాయం చేయడం ప్రతి పడవ విధి. అందుకోసం పందెంలో వెనుకబడితే నష్టపరిహారంగా స్థానాన్ని సవరించి ఇవ్వాలని కోరే హక్కు ఉంది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో కెనడాకు చెందిన లారెన్స్ లెమ్యూ ఫిన్ తరగతి పందెంలో రెండో స్థానంలో సాగుతూ, బోల్తా పడిన పడవకు చెందిన సింగపూర్ క్రీడాకారులను చూసి పందెం విడిచి వెళ్లి కాపాడారు. న్యాయనిర్ణేతలు ఆ పందెంలో ఆయనకు రెండో స్థానాన్నే ఇచ్చారు. పతకం రాకపోయినా క్రీడాస్ఫూర్తికి గాను పియరీ డి కూబెర్తాన్ పురస్కారం లభించింది.

లైఫ్ జాకెట్ విషయంలో రాజీ పనికిరాదు. పసుపు, ఎరుపు ఏటవాలు చారల 'వై' జెండా ఒడ్డున ఎగిరితే నీటిపై ఉన్నంతసేపూ ధరించి తీరాలి. జెండా లేకున్నా పిల్లలకు దీనిని తప్పనిసరి చేయడమే సరైన పద్ధతి. జాకెట్ పిల్లవాడి బరువుకు తగినదై ఉండాలి, పట్టీలన్నీ బిగించాలి. నీటిలోకి దిగేటప్పుడు, ఒడ్డుకు చేరాక పేరు నమోదు చేసే పద్ధతిని క్లబ్బులు పాటిస్తాయి. సాయంత్రం లెక్క సరిపోతేనే రక్షణ పడవలు వెనుదిరగాలి. గెలుపు ఆనందంలో సంతకం మరచిపోతే నీటిపై వృథాగా గాలింపు చేపట్టాల్సి వస్తుంది. పడవ బోల్తా పడితే దానిని వదిలి ఈదుకుంటూ ఒడ్డుకు బయలుదేరడం ప్రాణాంతకం. పడవ తేలుతూనే ఉంటుంది, దూరం నుంచి కనిపిస్తుంది. దానిని పట్టుకొనే ఉండాలి.

గాలి విపరీతంగా పెరిగినా, పిడుగుల సూచన ఉన్నా అధికారులు పందెం వాయిదా వేయవచ్చు, రద్దు చేయవచ్చు. ఆడాలా మానాలా అన్న తుది నిర్ణయం మాత్రం నిబంధనల ప్రకారం క్రీడాకారుడిదే. చిన్న పిల్లల విషయంలో శిక్షకుడు, తల్లిదండ్రులు ఆ బాధ్యత తీసుకోవాలి. 'ఈ రోజు వద్దు' అని చెప్పడం పిరికితనం కాబోదు.

జెండాల భాష

* ఎరుపు, తెలుపు నిలువు చారల పొడవాటి 'ఏపీ' జెండా, రెండు హారన్‌లు: ఇంకా ఆరంభం కాని పందెం వాయిదా. జెండా దిగిన ఒక నిమిషానికి హెచ్చరిక సంకేతం వస్తుంది.
* నీలి, తెలుపు గళ్ల 'ఎన్' జెండా, మూడు హారన్‌లు: ఆరంభమైన పందెం రద్దు.
* తెలుపు మధ్యలో నీలి చదరం ఉన్న 'ఎస్' జెండా, రెండు హారన్‌లు: మార్గం కుదింపు.
* అడ్డచారల 'సి' జెండా: తరువాతి మార్క్ స్థానం మారింది.
* నీలి జెండా: అధికారుల పడవ గమ్యం వద్ద సిద్ధంగా ఉంది.

పోటీకి వెళ్లే ముందు..

* పోటీ ప్రకటన, సూచనల పత్రం క్షుణ్ణంగా చదవాలి. అర్థం కాని వాక్యం ఉంటే నీటిలోకి దిగకముందే శిక్షకుడిని అడగాలి.
* ఉదయం నోటీసు బోర్డు చూడాలి, నమోదు పుస్తకంలో సంతకం చేయాలి.
* నిమిషాలు, సెకన్లు లెక్కించే నీటిలో తడవని గడియారం వెంట ఉండాలి.
* తప్పు జరిగిందని తెలిస్తే వెంటనే చుట్లు తిరగాలి. అనుమానమున్నా తిరగడమే మేలు.
* ఫిర్యాదు చేయాలనుకుంటే అప్పుడే అరవాలి, మార్క్‌ల సంఖ్య, సాక్షుల పడవ నంబర్లు గుర్తుపెట్టుకోవాలి.
* కమిటీ తీర్పు తప్పుగా అన్వయించారని తోస్తే, రాతపూర్వక తీర్పు అందిన 15 రోజుల్లోగా జాతీయ సంస్థకు అప్పీలు చేసుకోవచ్చు. కమిటీ నిర్ధారించిన వాస్తవాలపై అప్పీలు చెల్లదు, నిబంధన అన్వయంపై చెల్లుతుంది.

ఈత రావడం, పడవ నడపడం నేర్పే శిక్షణ ఎంత ముఖ్యమో నిబంధనలను మాతృభాషలో వివరించడమూ అంతే ముఖ్యం. వారానికి ఒక గంట నల్లబల్ల ముందు కూర్చోబెట్టి బొమ్మ పడవలతో ఈ నియమాలు చెబితే, పల్లెల నుంచి వచ్చిన పిల్లలు సైతం విచారణ గదిలో తడబడకుండా తమ వాదన వినిపించగలుగుతారు. గురుకులాలు, క్లబ్బులు ఈ దిశగా దృష్టి సారించాల్సిన అవసరం ఎంతైనా ఉంది.